కోడి లెక్కలు బాతుపిల్లకు చాలవు

పెంకులోంచి బయటపడి రెండో రోజు. మిగతా బాతుపిల్లలన్నీ నీళ్ల గిన్నె చుట్టూ ముసురుకుని, ముక్కులు ముంచి, తలలు విదిలించి పెట్టె అడుగంతా చిత్తడి చేస్తున్నాయి. ఒక్కటి మాత్రం లేవట్లేదు. కాళ్లు చెరో పక్కకీ బార్లా చాపి, పొట్ట మీద పడి, మొండి రెక్కలతో ఈదుతున్నట్టు నేలను తోస్తోంది. చేతిలోకి తీసుకుంటే గట్టిగా 50 గ్రాములు ఉండదు. గుండె దడదడ మాత్రం వేళ్లకు తెలుస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా దాని నోట్లో ఏదో ఒకటి పోస్తారు. నిజానికి అది ఆఖరున చేయాల్సిన పని. ముందు పాదం ముట్టుకుని చూడాలి. చల్లగా తగిలిందంటే, అసలు జబ్బు ఏదైనా సరే, మొదటి మందు వెచ్చదనమే. బాతు ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. కొత్త పిల్ల ఆ వేడిని సొంతంగా నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగించి, తిన్నది అరగదు. మొదటి వారం బల్బు కింద 32 డిగ్రీల వరకు ఉంచి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. ఇందులో ఒక చిక్కుంది. నడిచే పిల్లకు వేడెక్కువైతే పక్కకు జరుగుతుంది, కాళ్లు లేవని పిల్ల ఉన్నచోటే మాడిపోతుంది. దాన్ని సరిగ్గా బల్బు కిందే పెట్టకండి.

తిండి గురించి కంగారు అక్కర్లేదు. గుడ్డు వదిలే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను బొడ్డులోంచి కడుపులోకి లాక్కుంటుంది. ఒకటి రెండు రోజులకు సరిపడా సద్దిమూట అది. కొన్ని పిల్లలకు ఆ సొన సంచి ఇంకా బయటే వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగకూడదు, కత్తిరించకూడదు, లోపలికి నొక్కకూడదు. శుభ్రమైన తడి గుడ్డ మీద, వెచ్చగా, మిగతావి పొడవకుండా విడిగా ఉంచాలి. సంచి చిరిగినా, బొడ్డుకు మురికి అంటినా సూక్ష్మజీవులకు నేరుగా కడుపులోకి దారి దొరుకుతుంది. ఈ ఇబ్బంది చాలాసార్లు మనిషి తొందర వల్లే వస్తుంది. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు. బాతుల్లో చాలా రకాలకు 28, మస్కోవీకి 35 పడతాయి. పెంకుకు చిల్లు పెట్టాక కూడా బాతుపిల్ల ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు లోపలే ఉండిపోతుంది. సొనను, పెంకు లోపలి పొరలోని రక్తాన్ని ఒంట్లోకి తీసుకునేది అప్పుడే. కోడిపిల్లలకు అలవాటుపడిన కన్ను ఆ ఆలస్యాన్ని ఆపద అనుకుంటుంది, చెయ్యి పెంకు వలిచేస్తుంది.

ఇక కాళ్లు. రెండో రోజే కాళ్లు చెరోవైపు జారుతుంటే ముందు అనుమానించాల్సింది కింద పరిచిన కాగితాన్ని. నున్నటి నేల మీద పట్టు దొరక్క తుంటి దగ్గర కాళ్లు విడిపోతాయి. ఎముకలు ఇంకా మెత్తగా ఉంటాయి కాబట్టి ఎటు వంగితే అటే గట్టిపడతాయి, అలాగే ఎటు సరిచేస్తే అటూ తిరుగుతాయి. మెత్తటి టేపు ముక్కను ఎనిమిది అంకె ఆకారంలో రెండు కాళ్లకూ చుట్టి, కాళ్లు నడుము వెడల్పున నిలిచేలా మధ్యలో ఎడం వదలాలి. కింద గరుకు గుడ్డ పరవాలి. మొదట్లో పిల్ల బొక్కబోర్లా పడుతుంది, చూడ్డానికి జాలేస్తుంది. పడనివ్వండి. పాదం వాచిందేమో రోజుకు రెండుసార్లు చూస్తూ ఉంటే, తొందరగా మొదలుపెట్టిన పిల్లల్లో రెండు మూడు రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. కాళ్లు కట్టి ఉన్నన్నాళ్లూ నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయాలి. ముక్కు రంధ్రాలు కడుక్కునేంత లోతు చాలు. అంతకు మించితే బోర్లా పడ్డ పిల్ల తిరిగి లేవలేదు.

అదే ఇబ్బంది వారం పది రోజుల పిల్లకు మొదలైతే కథ వేరు. మొన్నటిదాకా పరిగెత్తింది కాస్తా ఇప్పుడు నాలుగడుగులు వేసి కూలబడుతుంది, మడమ కీలు ఉబ్బుతుంది, కాళ్లు విల్లులా వంగుతాయి. అక్కడ తప్పు నేలది కాదు, దాణాది. నయాసిన్ అనే బి3 విటమిన్ కోడిపిల్లకు కిలో దాణాలో 35 మిల్లీగ్రాములు ఉంటే చాలు, బాతుపిల్లకు 55 కావాలి. కారణం కాలేయంలో ఉంది. మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ నుంచి పక్షి ఒళ్లు కొంత నయాసిన్‌ను తానే తయారు చేసుకుంటుంది. చేను దాకా వెళ్లాల్సిన కాలువ నీటిని మధ్యలో ఒక తూము పక్కకు మళ్లించినట్టు, ఒక ఎంజైమ్ ఆ ముడిసరుకును వేరే దారి పట్టిస్తుంది. బాతు కాలేయంలో ఆ తూము కోడిలో కన్నా బాగా పెద్దది. అందుకే చివరికి చేరేది తక్కువ. పైగా దాణాలో ఎక్కువ భాగం మొక్కజొన్న అయితే, అందులో ఉన్న నయాసిన్ కూడా చాలావరకు జీర్ణానికి లొంగని రూపంలో ఉంటుంది. మొక్కజొన్న మీదే బతికిన మనుషులకు పెల్లాగ్రా అనే చర్మం, పేగుల జబ్బు వచ్చిందీ ఇందుకే. కుక్కల్లో వచ్చే అలాంటి జబ్బును నికోటినిక్ ఆమ్లం నయం చేస్తుందని అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెజెమ్ 1937లో తేల్చాడు. నయాసిన్ అంటే అదే.

పుట్టినప్పుడు 50 గ్రాములున్న పెకిన్ బాతు ఏడు వారాల్లో మూడు కిలోలు తూగుతుంది. అంత బరువు మోయాల్సిన కాళ్లకు, కోడిపిల్లల దాణా వేస్తే కిలోకు వచ్చే 20 మిల్లీగ్రాముల నయాసిన్ లోటు చిన్నదేం కాదు. లెక్క మాత్రం తేలికే. ఎండబెట్టిన బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) కిలోలో నయాసిన్ 400 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది, అంటే కిలో దాణాకు 50 గ్రాములు కలిపితే లోటు పూడుతుంది. రొట్టె పిండిని పొంగించే బతికున్న ఈస్ట్ ఇందుకు పనికిరాదు. కీలు అప్పుడప్పుడే ఉబ్బుతున్న పిల్ల త్వరగానే తేరుకుంటుంది. వంకరలోనే ఎముక గట్టిపడిందా, ఏ విటమినూ దాన్ని వెనక్కి తిప్పదు. మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) పక్కకు జారి కాలు మెలితిరిగి ఉంటే ఇంట్లో ప్రయోగాలు మాని పశువైద్యుడికి చూపించాలి.

దాణా సంచిలో చెయ్యి పెట్టినప్పుడు ఓసారి వాసన కూడా చూడండి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, మూలం బూజు పట్టిన వేరుశనగ పిండిలో దొరికింది. ఆ బూజు విషమే అఫ్లటాక్సిన్. దానికి అన్నిటికన్నా త్వరగా లొంగే జీవుల్లో రోజు వయసు బాతుపిల్ల ఒకటి. ఎంతగా అంటే, విషం ఉందో లేదో తేల్చుకోవడానికి ప్రయోగశాలలు వాటికే పెట్టి చూసేవి. పెద్ద కోళ్లు అరిగించుకున్నాయి కదా అని ముక్కిన దాణా పిల్లలకు వేయకండి.

మెడ వెనక్కి విరుచుకుపోతే రెండు దారులున్నాయి. ఒక్క పిల్లకే, నెమ్మదిగా వస్తే బి1 లేదా ఇ విటమిన్ లోటు కావచ్చు. ఒకేసారి చాలా పిల్లలు పక్కకు పడి, కాళ్లు కొట్టుకుని, మెడ విరిచి గంటల్లో చచ్చిపోతుంటే అది వైరస్ హెపటైటిస్ (వైరస్ వల్ల వచ్చే కాలేయపు వాపు) లక్షణం. అప్పుడు చుక్కల మందుతో కాలయాపన పనికిరాదు.

మందు పట్టేటప్పుడు గొంతులోకి చిమ్మకూడదు. నాలుక మొదట్లో తెరుచుకుని మూసుకునే చిన్న చీలిక కనిపిస్తుంది, గాలి గొట్టానికి దారి అదే. ముక్కు అంచున ఒక్క చుక్క పెట్టి ఆగితే పిల్లే చప్పరించి మింగుతుంది.

జబ్బు పిల్లను విడిగా ఉంచక తప్పదు, కానీ పూర్తిగా ఒంటరిని చేయడం మంచిది కాదు. మల్లార్డ్ బాతుపిల్లల మీద జంతు ప్రవర్తన శాస్త్రవేత్త ఎకార్డ్ హెస్ చేసిన ప్రయోగాల్లో, పుట్టిన 13 నుంచి 16 గంటల మధ్య చూసినదాన్ని అవి అన్నిటికన్నా గట్టిగా తల్లిగా పట్టుకున్నాయి. ఆ గంటల్లో మన చెయ్యే కనిపిస్తే, కాళ్లు బాగయ్యాక అది మన వెంటే పడుతుంది. తోబుట్టువుల్లోకి వెళ్లదు. అందుకే నెమ్మదస్తురాలైన ఇంకో పిల్లను పక్కన ఉంచాలి. అప్పటిదాకా పీక చీల్చుకుని కీచుకీచుమన్న గొంతు, రెండో పిల్ల ఒళ్లు తగలగానే తగ్గి, సన్నటి గొణుగుడులోకి దిగుతుంది.