మైకేల్ కనబడని హాలోవీన్: నలభై ఏళ్ల పాత గొడవ

ఒడిశా బరంపురంలో మా బావ వాళ్ల మేడగదిలో 'హాలోవీన్ ఎండ్స్' చూసిన రాత్రి మొదలైన వాదన ఇంకా తెగలేదు. మాస్కు వేసుకున్న మైకేల్ అనే హంతకుడి చుట్టూ తిరిగే అమెరికా భయం సినిమాల సిరీస్‌లో అది పదమూడోది. సినిమా 2022 అక్టోబర్ 14న అమెరికాలో విడుదలైంది, మేం ల్యాప్‌టాప్‌లో చూసేసరికి ఇంకొన్నాళ్లు పట్టింది. నలుగురం కూర్చున్నాం, సినిమా అయ్యేలోపే ఇద్దరికి కోపం వచ్చేసింది. మా బావది ఒకటే మాట: "మైకేల్ లేని హాలోవీనేంటి బావా, అమ్మవారు లేని జాతరలాగా!"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే సరిగ్గా ఇదే కోపం అమెరికాలో 1982లో కూడా వచ్చింది, ఇదే సిరీస్ మీద, ఇదే కారణంతో. ఆ వెనక కథ తెలియకుండా ఈ సినిమా మీద అభిమానులు అంటున్నవి వింటే, ఒకడు మరీ మెచ్చుకుంటున్నాడు, ఇంకొకడు మరీ తిడుతున్నాడు అనిపిస్తుంది తప్ప ఎందుకో అర్థం కాదు.

ముందు గొడవేంటో చెప్తాను. స్లాషర్ సినిమా అంటే తెలిసిందే, కత్తి పట్టిన హంతకుడు ఒక్కొక్కరినీ చంపుకుంటూ వస్తాడు, చివరికి ఒక అమ్మాయి మిగిలి ఎదురు తిరుగుతుంది. హాలోవీన్‌లో ఆ హంతకుడు మైకేల్ మయర్స్, ఆ అమ్మాయి లోరీ స్ట్రోడ్. 1978 నుంచి 2022 దాకా 13 సినిమాలు వచ్చాయి. పదమూడోదానికి ఇక్కడితో అయిపోతుందని పేరులోనే చెప్పి, లోరీ, మైకేల్ ఇద్దరూ చివరిసారి తలపడతారని ప్రచారం చేసి జనాన్ని పిలిచారు. తీరా చూస్తే కథ చాలావరకు కోరీ కన్నింగ్‌హామ్ అనే కొత్త కుర్రాడిది. పిల్లాణ్ని చూసుకోవడానికి ఒక ఇంటికి వెళ్తాడు. ఆ పిల్లాడు ఆటపట్టించడానికి అతన్ని పై అంతస్తు గదిలో పెట్టి తలుపు వేసేస్తాడు, ఇతను కంగారులో తలుపు తన్నితే అవతల నిలబడ్డ పిల్లాడు పైనుంచి పడి చనిపోతాడు, సరిగ్గా తల్లిదండ్రులు ఇంట్లో అడుగుపెట్టే సమయానికి. ఊరు ఊరంతా కోరీని హంతకుడిగానే చూస్తుంది, కొన్నేళ్లకి అతను నిజంగానే హంతకుడవుతాడు. మైకేల్ మాత్రం మురుగునీటి సొరంగంలో నీరసించిపోయి దాక్కుని ఉంటాడు, చాలాసేపటిదాకా తెర మీదికే రాడు.

సినిమా చూసి బయటికొచ్చే ప్రేక్షకులని అడిగి గ్రేడ్ ఇచ్చే సినిమాస్కోర్ అని అమెరికాలో ఒకటుంది. 2018లో వచ్చిన హాలోవీన్‌కి అందులో బి ప్లస్, 2021 నాటి 'హాలోవీన్ కిల్స్'కి బి మైనస్, 'ఎండ్స్'కి సి ప్లస్. వసూళ్లు కూడా అదే దారిలో దిగాయి, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్ల డాలర్ల నుంచి 13 కోట్లకి, అక్కడి నుంచి 10 కోట్ల చిల్లరకి. చివరి రెండింటినీ విడుదలైన రోజే పీకాక్ అనే ఓటీటీలో కూడా వదిలారు కాబట్టి వసూళ్ల లెక్క ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పలేం, గ్రేడ్ సంగతి మాత్రం వేరు.

ఇక మొదటికి వెళ్దాం. 1978లో జాన్ కార్పెంటర్, డెబ్రా హిల్ కలిసి రాసిన సినిమా, కార్పెంటర్ దర్శకత్వం, బడ్జెట్ సుమారు 3 లక్షల 25 వేల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చేతి ఖర్చు. కథ జరిగేది ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆకు రాలే కాలంలో, తీసింది కాలిఫోర్నియాలో వసంతంలో. అందుకని ఆకులకి రంగులేసి రోడ్డు మీద చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరుకుని సంచుల్లో పెట్టుకున్నారు. మాస్కు సంగతి అంతకన్నా గొప్పది. స్టార్ ట్రెక్ సీరియల్లో కెప్టెన్ కిర్క్‌గా వేసిన విలియం షాట్నర్ ముఖంతో బజార్లో దొరికే రబ్బరు మాస్కుని రెండు డాలర్ల లోపు కొన్నారు. కనుబొమలు పీకేశారు, చెంపల మీది జుట్టు తీసేశారు, కళ్ల దగ్గర కన్నాలు పెద్దవి చేసి, మొత్తం తెల్లరంగు కొట్టారు. అంతే. మనిషి ముఖమే, కానీ అందులో మనిషిని గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. సంగీతం కూడా కార్పెంటరే చేశాడు, చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పిన ఐదు దెబ్బల తాళం మీద కట్టిన పియానో వరస అది. మనకి ఖండగతి అలవాటే గానీ నాలుగు దెబ్బలకి అలవాటైన చెవికి ఆ ఐదో దెబ్బ దగ్గర కాలు జారినట్టుంటుంది. ఈ చిన్న సినిమా 7 కోట్ల డాలర్లు తెచ్చింది.

ఇంకొక్క చిన్న విషయం, నా దృష్టిలో గొడవంతా ఇందులోనే ఉంది. ఆ సినిమా పేర్లు పడేటప్పుడు మాస్కు వేసుకున్న పాత్ర ఎదురుగా మైకేల్ అని ఉండదు. 'ద షేప్' అని ఉంటుంది, అంటే ఒక ఆకారం. వేసింది నిక్ కాసిల్.

మా ఊళ్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంది, బుడి ఠాకురాణి అమ్మవారు గుడి నుంచి దేశీబెహరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తుంది. ఆ దేశీబెహరా కుటుంబం డేరా కులస్తులు, ఎప్పుడో తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడ్డ పట్టు నేతవాళ్లు. ఆ రోజుల్లో మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు, దేవుళ్లు, రాక్షసులు, అన్నిటికన్నా ముఖ్యంగా పులి. మా చిన్నాన్న ఒకసారి పులి కట్టాడు. పొద్దున్నే ఒంటికి పసుపు రంగు పూసి, ఆరాక నల్ల చారలు గీసి, తోక కట్టేదాకా ఆయన మా చిన్నాన్నే, మంచినీళ్లు ఇవ్వమని నన్ను పేరు పెట్టి పిలిచాడు కూడా. డప్పు మొదలయ్యాక ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. రెండేళ్ల తర్వాత అదే వీధిలో అదే పులి వచ్చింది, లోపల మనిషి వేరు. జనం దండం పెట్టింది పులికే.

అందుకని 'మైకేల్ అంటే లోపలి మనిషా, పైనున్న వేషమా' అన్న ప్రశ్న నాకు పెద్ద ప్రశ్న. సిరీస్ నలభై ఏళ్లుగా దీనికి ఒకసారి అలా, ఒకసారి ఇలా జవాబు చెప్తూ వచ్చింది, ప్రతి జవాబుకీ కొంతమంది అభిమానులు దూరమయ్యారు.

1981లో రెండో భాగం వచ్చింది. అందులో లోరీ మైకేల్‌కి సొంత చెల్లెలని తేల్చారు. స్క్రిప్ట్ రాసిన కార్పెంటరే తర్వాత ఆ నిర్ణయం గురించి బాధపడ్డాడు. అప్పటిదాకా ఏ కారణమూ లేకుండా ఏ గుమ్మంలోనైనా నిలబడగల ఆకారం, ఆ దెబ్బతో కుటుంబ కథలో అన్నయ్య అయిపోయింది. మనకి చెల్లెలు సెంటిమెంట్ ఇష్టమే, కానీ ఇక్కడ అది భయాన్ని తగ్గించింది. చెల్లెలు కానివాళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు కదా.

1982లో మూడో భాగం, 'సీజన్ ఆఫ్ ద విచ్'. నిర్మాతల ఆలోచన ఏంటంటే మైకేల్ కథ అయిపోయింది, ఇకనుంచి హాలోవీన్ పేరు మీద ఒక్కోసారి ఒక్కో కొత్త కథ చెబుదామని. టామీ లీ వాలెస్ తీశాడు. హాలోవీన్ పండగకి పిల్లలు వేసుకునే మాస్కుల్లో చేతబడి పెట్టి, టీవీలో ప్రకటన రాగానే చంపేసే ఒక కంపెనీ కథ. ఆలోచన బాగుంది, ముగింపు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. కానీ టికెట్ కొన్నవాళ్లు మైకేల్ కోసం వచ్చారు. వాళ్ల కోపం ఎంతదాకా వెళ్లిందంటే ఆరేళ్లు సిరీస్ ఆగిపోయింది, 1988లో తిరిగి మొదలుపెట్టినప్పుడు పేరులోనే 'మైకేల్ మయర్స్ తిరిగొచ్చాడు' అని రాసుకోవాల్సి వచ్చింది. పోటీ సిరీస్‌లోనూ ఇదే జరిగింది. 'ఫ్రైడే ద థర్టీన్త్' నాలుగో భాగంలో, 1984లో, ఆ సిరీస్ హంతకుడైన జేసన్‌ని చంపేశారు. 1985లో ఐదో భాగం తీసి, హంతకుడు జేసన్ కాదు, జేసన్ వేషం వేసిన ఇంకొకడని చివర్లో చెప్పారు. జనం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే జేసన్‌ని సమాధిలోంచి లేపారు. కాబట్టి మా బావ కోపం ఒంటరిది కాదు, దానికి పెద్ద వంశమే ఉంది.

అయితే అందరూ మర్చిపోయే ముక్క ఒకటుంది. ఆ 1988 నాటి నాలుగో భాగం చివర లోరీ కూతురు జేమీ, చిన్న పిల్ల, జోకరు బట్టల్లో నెత్తుటి కత్తెర పట్టుకుని మేడ మెట్ల మీద నిలబడుతుంది, 1978 సినిమాలో చిన్నారి మైకేల్ జోకరు బట్టల్లో కత్తి పట్టుకుని నిలబడ్డట్టే. కింద నుంచి చూసిన, మైకేల్‌కి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ వద్దు వద్దని అరుస్తాడు. అంటే చెడు ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంది, వేషం చేతులు మారింది. ఎంత గొప్ప ముగింపో చూడండి. ఏడాది తిరక్కుండానే ఐదో భాగంలో దాన్ని వదిలేశారు, ఆ పిల్ల హంతకురాలు కాలేదు, మాట పడిపోయి ఆసుపత్రిలో ఉంది, మైకేల్ మనసుతో ఏదో బంధం ఉందన్నారు. భయపడ్డారని నా నమ్మకం, 1982 నాటి దెబ్బ గుర్తుండి మైకేల్‌ని ఎవరితోనూ మార్చే ధైర్యం చేయలేకపోయారు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాతవి త్వరగా చెప్పేస్తాను. 1995లో ఏదో శాపం, రహస్య కూటమి అన్నారు. 1998లో నాలుగు, ఐదు, ఆరు జరగనేలేదని లోరీ చేత మైకేల్ తల నరికించారు. 2002లో ఆ తల మైకేల్‌ది కాదు, పాపం ఎవరో అంబులెన్స్ మనిషిదని చెప్పి మొదట్లోనే లోరీని చంపేశారు, ఇది మాత్రం క్షమించరానిది. 2007, 2009లో రాబ్ జాంబీ అనే దర్శకుడు కథని కొత్తగా మొదలుపెట్టి మైకేల్ బాల్యం, పాడైన ఇల్లు అన్నీ చూపించాడు. ఇలా లెక్కేస్తే ఈ సిరీస్‌లో ఇప్పుడు విడివిడిగా ఐదు కథలున్నాయి, కొత్తగా చూడాలనుకునేవాళ్లకి ఏది దేని తర్వాతో చెప్పడానికే పావుగంట పడుతుంది.

2018లో ఈ చివరి మూడు సినిమాల దర్శకుడు డేవిడ్ గార్డన్ గ్రీన్ వచ్చి 1978 సినిమా ఒక్కటే జరిగింది, మిగతావన్నీ లేవన్నాడు. చెల్లెలి ముచ్చట జనం పుట్టించిన మాట అని లోరీ మనవరాలి చేతే చెప్పించాడు. అభిమానులు పండగ చేసుకున్నారు. చిక్కు 2021లో వచ్చింది. 'కిల్స్'లో లోరీ దాదాపు సినిమా అంతా ఆసుపత్రిలోనే ఉంటుంది, మైకేల్‌కి ఎదురుపడదు. పైగా కొట్టేకొద్దీ మైకేల్ మనిషిని మించిపోతున్నాడని ఆమె చేతే చెప్పించి, చివర్లో ఆమె కూతుర్ని చంపించారు. రెండు సినిమాల పగ మూడోదాని నెత్తిన పెట్టారన్నమాట. అలాంటి మూడోది నాలుగేళ్లు ముందుకి దూకి, మనిషిని మించినవాణ్ని ముసలి రోగిలా చూపించి, కోరీ అనే అబ్బాయి కథ మొదలుపెడితే ఎవరికి మండదు?

ఇంకొక వైపు కూడా చెప్పాలి. మాలో ఒకడిది పర్లాకిమిడి, ఈ సినిమాని మెచ్చుకున్నది వాడొక్కడే. వాడన్న మాట: "మా వైపు ఏజెన్సీ ఊళ్లలో చిల్లంగి, అదే చేతబడి, పెట్టాడని ఒకడి మీద మాట పడిందా, వాడు ఏం చేసినా చేయకపోయినా ఊరు ఊరుకోదు. కోరీ నాకు అలాగే కనిపించాడు." అది నిజం. ఆ అనుమానంతో కొట్టడాలు, చంపడాలు జరిగే ఒడిశాలో 2013లో దానికోసమే ప్రత్యేక చట్టం చేశారు. ఊరి భయమే ఒక మనిషిని తయారుచేస్తుందన్నది సినిమా చెప్పదలుచుకున్న సంగతి, మా సరిహద్దువాళ్లకి అది అమెరికా కథలా అనిపించదు.

నా మాట అడిగితే, గ్రీన్ తెలిసే చేశాడు. మొదట్లో పేర్లు పడే నీలం అక్షరాలు చూడండి, అవి 1982 నాటి మూడో భాగం అక్షరాలే. మైకేల్ లేని సినిమా గుర్తుని ముందే నుదుట పెట్టుకుని వచ్చాడు. జేమీ కథలో వదిలేసిన బాకీ తీర్చాలనుకున్నాడు. ఆ ఆలోచన నాకు నచ్చింది, నచ్చిందని గట్టిగానే చెప్తాను. నచ్చనిది అది జరిగిన తీరు. కోరీ ఆ మాస్కుని మైకేల్‌తో కలబడి లాక్కుంటాడు, అంతే, కాసేపట్లో అతనే హంతకుడు. మా చిన్నాన్న పులి కట్టడానికి ముందు మొక్కుంది, నియమముంది, ఇంట్లో అందరి భయమూ భక్తీ ఉన్నాయి. వేషం చేతులు మారాలంటే ఆ బరువు చూసేవాడికి తెలియాలి. దానికి ఇంకో సినిమా కావాలి, వీళ్ల దగ్గర ఒక్కటే మిగిలింది, అందులో సగం లోరీకి బాకీ. ఇక ప్రచారం విషయంలో అభిమానులదే పూర్తి న్యాయం. కోరీ కథ చూపించదలుచుకున్నప్పుడు కోరీనే చూపించి పిలవాల్సింది.

చివర్లో లోరీ మైకేల్‌ని వంటింటి బల్ల మీద కత్తులతో గుచ్చి పట్టి చంపుతుంది, శవాన్ని కారు పైన కట్టి ఊరంతా ఊరేగింపులా వెంట నడిచి, పాత ఇనుము నుజ్జు చేసే యంత్రంలో పడేస్తారు. మా బావ అక్కడ కొంచెం చల్లబడ్డాడు. పేర్లు పడబోతుంటే మళ్లీ లేచి కూర్చుని, ల్యాప్‌టాప్ వెనక్కి తిప్పి ఆఖరి షాట్ దగ్గర ఆపాడు. ఖాళీ ఇల్లు, బల్ల మీద తెల్ల మాస్కు. "మనిషిని పొడి చేశారు బావా, దీన్ని మాత్రం ఇంట్లోనే పెట్టుకున్నారు, చూశావా?"