నింద బుడగది, తప్పు తడిది: ఇంట్లో మట్టి పని చేసేవాళ్ళ అపోహలు

పోయిన శనివారం ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయి ఆరో తరగతి. వేసవి సెలవుల్లో నా దగ్గర మట్టి పని నేర్చుకున్నాడు. తర్వాత ఇంట్లో సొంతంగా ఏనుగును చేసి, తెలిసినవాళ్ళ మట్టి కాల్చే బట్టీలో, అదే కిల్న్‌లో పెట్టిస్తే అది ముక్కలు ముక్కలైంది. పిల్లాడు రాత్రి అన్నం తినలేదట. "మట్టి సరిగ్గా పిసకలేదట మేడమ్, లోపల గాలి బుడగ ఉండిపోయిందట. వీడికి దేంట్లోనూ ఓపిక లేదు" అన్నారావిడ. వెనకనుంచి వాడి గొంతు: "నేను పిసికాను టీచర్!"

పిసికాడు, నాకు తెలుసు. ఆ ఏనుగు పొట్ట ఎంత మందం అని అడిగాను. రెండు వేళ్ళంత. ఎన్నాళ్ళు ఆరింది? నాలుగు రోజులు. జులై నెలలో, హైదరాబాద్‌లో, వాన పడుతుంటే, రెండు వేళ్ళ మందం ఏనుగు నాలుగు రోజుల్లో ఆరుతుందా? చీర కొంగే ఆరడం లేదు.

నేను బళ్ళో డ్రాయింగ్ టీచర్ని. సాయంత్రాలు, ఆదివారాలు ఇంటి వెనక వసారాలో కుండలు, గిన్నెలు చేసుకుంటాను. ఈ గాలి బుడగ కథ విని విని నా చెవులు కాయలు కాశాయి. పిల్లలు సూదులు పట్టుకుని, బొమ్మ ఒళ్ళంతా పొడుస్తూ కూర్చుంటారు. పెద్దవాళ్ళు మట్టిని గంటసేపు మర్దించి, మణికట్టు నొప్పితో వస్తారు. ఇంత చేసి, తడి ఆరకుండానే కిల్న్ ఎక్కిస్తారు. పేలితే మళ్ళీ బుడగనే తిడతారు.

పేల్చేది నీళ్ళు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఎక్కువ చోటు కావాలి దానికి. మందమైన గోడ మధ్యలో మిగిలిన తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరవుతుంది. బయటికి పోయే సందులు సన్నం, వేడి పెరిగే వేగం ఎక్కువ. దారి దొరకని ఆవిరి గోడను చీల్చుకుని వస్తుంది. గాలి కూడా వేడికి పెరుగుతుంది కానీ, 1,000 డిగ్రీల దగ్గర కూడా నాలుగైదు రెట్లకు మించదు. అదీ నిదానంగా. ఎండిన పచ్చి మట్టి నిండా కంటికి కనపడని రంధ్రాలే కాబట్టి ఆ గాలి జారుకుంటుంది. బుడగ చేసే నష్టం వేరు. కుమ్మరి సారె మీద గోడ లేపుతుంటే చేతికి తగిలి కుండను గతి తప్పిస్తుంది. మందమైన చోట తడిని దాచిపెడుతుంది. అందుకు మట్టి పిసకాలి, పిసకొద్దని నేననడం లేదు.

మాటలతో ఒప్పుకోరని ఒకసారి చేసి చూపించాను. రెండు ఉండలు చేశాను. ఒకదానిలో కావాలనే వేలితో గొయ్యి చేసి, గాలి ఉండేలా మూసేశాను, మూడు వారాలు ఆరనిచ్చాను. రెండోది బుడగన్నది లేకుండా చితక్కొట్టి పిసికిన మట్టి, ముందురోజు చేసింది. కిల్న్ పాడవకుండా రెంటి మీదా చెరో పాత కుండ బోర్లించి, ఎప్పటికంటే కాస్త వేగంగా వేడి పెంచాను. గంట కాకముందే టప్పుమంది. తెరిచి చూస్తే బుడగ ఉన్న ఉండ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది, శుద్ధమైన ఉండ ఇసకైపోయింది. ఆ రోజు వచ్చిన పిల్లల్లో ఒకడు ఆ బుడగ ఉండ తనకివ్వమన్నాడు, ఇప్పటికీ వాళ్ళ షోకేసులో ఉందట.

నేనేదో పుట్టుకతోనే తెలుసుకున్నానని కాదు. బళ్ళో ప్రదర్శన ఉందని ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్లల పని మొత్తం తొందరపడి కాల్చాను. ముట్టుకుంటే పొడిగానే ఉన్నాయి. వసారా అవతల కూర్చుని కూర తరుగుతుంటే కిల్న్‌లోంచి దీపావళి వినిపించింది. ఒక మందపాటి తాబేలు పేలి, పక్కన ఉన్న తొమ్మిది బొమ్మల్ని గాయపరిచింది. మర్నాడు ఆ తొమ్మిది మందికీ ముఖం చూపించడం ఎంత కష్టమో! తాబేలు చేసిన పిల్లకి మాత్రం తప్పు నాదేనని చెప్పాను. అప్పటికి నాకూ బుడగ మీదే నమ్మకం, కానీ ఆ పిల్ల మొహం చూశాక ఆ మాట నోటికి రాలేదు.

ఆ తర్వాతే, మా వైపు సంతలో కుండలమ్మే తాతని అడిగాను. నవ్వాడు. "బిడ్డా, కుండ ముందుగాల చెమట కక్కాలె, ఎన్క కాలాలె" అన్నాడు. వాళ్ళు ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ, పెట్టినప్పుడు ముందు మంట రానివ్వరు, పొగ పెడతారు. గంటలకొద్దీ ఆ పొగ వేడికి కుండలు చెమట కక్కుతాయి. పైగా వాళ్ళ మట్టిలో ఇసకా బూడిదా కలుపుతారు కాబట్టి ఆవిరికి దారులుంటాయి. మరి ఆషాఢంలో వానల్లో బోనాల కుండలెట్లా తాతా అంటే, "వానలొచ్చినంక చేస్తమా? ఎండలల్లనే చేసి పెట్టుకుంటం" అన్నాడు. కాలేజీలో నేను నేర్చుకోనిది ఆ రెండు మాటల్లో ఉంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను చెప్పేదింతే. గోడ మందం ఒక సెంటీమీటరు దాటనివ్వకండి. బొమ్మైతే లోపల తొలిచేయండి. మొదటి రెండు మూడు రోజులు పాలిథిన్ కవర్ కప్పి నీడలో ఉంచండి, తర్వాత కవర్ తీసేయండి. ఎండలో పెట్టేస్తే అంచు ముందు ఆరిపోయి, అడుగు తడిగా ఉండిపోయి చీలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎక్కువగా వచ్చే చీలికలు ఇవే. ఆరిందా లేదా అని వేలితో కాదు, చెంపకి ఆనించి చూడండి. గది కంటే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. అంతకంటే నమ్మకమైనది వంటింటి డిజిటల్ తూకం. రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగి, వరసగా రెండు రోజులు ఒకే అంకె వచ్చేదాకా కిల్న్ జోలికి పోవద్దు. ఆ తర్వాత కూడా 80, 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా, కిల్న్ కన్నం తెరిచి ఉంచండి. కన్నం దగ్గర అద్దం పట్టుకుంటే ఆవిరి పట్టకూడదు. మట్టిలో కలిసిపోయిన రసాయన నీరు 350 నుంచి 600 మధ్య పోతుంది, 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, అక్కడా నెమ్మదే. కానీ పిల్లల బొమ్మలన్నీ పేలేది ఇంత దూరం వెళ్ళకముందే.

ఓవెన్ సంగతి. "మేడమ్, మా ఓటీజీలో కాల్చుకోవచ్చా?" వారానికి ఒకరైనా అడుగుతారు. ఇంటి ఓవెన్ 250 డిగ్రీలు. మట్టిని గట్టిపరిచే మొదటి కాల్పు, అంటే బిస్క్‌కి 1,000 కావాలి. 250లో రోజంతా ఉంచినా అది పచ్చి కుండే. పచ్చి కుండంటే ఏమిటో ఈ ఊళ్ళో వేరే చెప్పాలా, లష్కర్ (సికింద్రాబాద్) బోనాల మర్నాడు రంగం, అంటే భవిష్యవాణి, చెప్పే ఆవిడ నిలబడేది దాని మీదే కదా! ఓవెన్లో పెట్టినదాన్ని బకెట్లో వేయండి, గంటలో బురద. అయితే చివరి తడి ఆరబెట్టడానికి ఓవెన్ బంగారం. నేను 80 దగ్గర పెట్టి వాడతాను. వంట ఓవెన్ కాదు, పాతది, మట్టికే.

దీనికి తిరగేసిన అపోహ వినాయక చవితికి వస్తుంది. పర్యావరణానికి మంచిదని కాల్చిన టెర్రకోట వినాయకుణ్ణి కొని, బకెట్లో నిమజ్జనం చేసి, మూడు రోజులైనా కరగలేదని నాకు ఫోటో పంపుతారు. ఎట్లా కరుగుతాడు? కాలిన మట్టి మళ్ళీ మట్టి కాదు. తవ్వకాల్లో వేల ఏళ్ళ నాటి పెంకులు దొరుకుతున్నది అందుకే. నిమజ్జనానికి పచ్చి మట్టి బొమ్మే, అదీ యాక్రిలిక్ రంగు లేకుండా. పసుపు, కుంకుమ చాలు.

మెరుపు ఉంటే తినడానికి పనికొస్తుందనుకోవడం ఇంకోటి. మెరుపునిచ్చే ఆ పూత, గ్లేజ్, మెరిసినంత మాత్రాన సరిపోదు. లోపల సీసం ఉండొచ్చు, సరిగ్గా కరగకపోయి ఉండొచ్చు. నిమ్మచెక్క రాత్రంతా బోర్లించి, పొద్దున రంగు మారితే అందులో చారు పోయొద్దు. మారకపోతే క్షేమమని కాదు, సీసానికి ల్యాబ్ పరీక్షే దిక్కు. గ్లేజ్ అమ్మినవాళ్ళు సీసం లేదని డబ్బా మీద రాసి ఉంటేనే నేను పిల్లల చేతికిస్తాను. మామూలు కుండలో ఆవకాయ పెట్టకూడదు, జాడీలో పెట్టాలని అమ్మమ్మలకి ఏ ల్యాబూ చెప్పలేదు మరి! జాడీ ఎక్కువ వేడికి గట్టిపడిన స్టోన్‌వేర్, నూనె పీల్చదు. కుండ పీలుస్తుంది. పీల్చి, చెమరుస్తుంది కాబట్టే అందులో నీళ్ళు చల్లబడతాయి. ఆ కుండకి బయట ఎనామిల్ పెయింట్ వేసి, చల్లబడటం లేదంటే నేనేం చెయ్యను?

మిగతావి గబగబా. సారె లేకపోతే కుండ లేదంటారు. బొటనవేలితో నొక్కి చేసే గిన్నె, మట్టిని పాముల్లా చేసి చుట్టి పేర్చే కుండ, ఈ రెంటితో ఏడాది గడపండి, సారె అప్పుడు కొనుక్కోవచ్చు. కిల్న్‌తో కరెంటు బిల్లు పేలిపోతుందంటారు. 3 కిలోవాట్ల చిన్న కిల్న్ 8 గంటలు ఆగకుండా నడిచినా 24 యూనిట్లు, లెక్క మీరే వేసుకోండి. దానికి విడిగా వైరూ, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) మాత్రం తప్పనిసరి. మట్టి సింకులో కడగొచ్చంటారు. ప్లంబర్ మీ బంధువైతే కడగండి. లేకపోతే బకెట్లో కడిగి, తేరినాక పైనీళ్ళు మొక్కలకి పోయండి. ఎండిన మట్టిని చీపురుతో ఊడవడం మాత్రం మానండి. అందులో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. తడిగుడ్డే వాడండి.

ఏనుగు పిల్లాడు ఆదివారం వచ్చాడు. ఈసారి పొట్ట తొలిపించాను, కింద చిన్న కన్నం పెట్టించాను. "కన్నం బుడగ కోసమేనా టీచర్?" అన్నాడు. లోపలి గోడ ఆరడానికిరా అన్నాను. వంటింటి గట్టు మీద తూకం పక్కన ఉంది ఇప్పుడది. మొన్న 431 గ్రాములు, నిన్న 424, ఇవాళ 420. వాళ్ళమ్మ మెసేజ్ పెట్టారు: "మేడమ్, రేపు కాల్చేస్తారా?"

ఇంకా నాలుగు గ్రాములు తగ్గిందండీ, రేపు కాదు.