ఘాట్ రోడ్డు మీద సైకిల్ లెక్క

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే రోడ్డు మీద, లంబసింగి ఘాట్ మొదలయ్యేచోట, జనవరి నెలలో తెల్లవారుజామున సైకిల్ ఆపి ఒక్క నిమిషం ఊరికే నిలబడి చూడండి. పైన ఎక్కడో మలుపులో ఆర్టీసీ బస్సు గేరు మార్చిన చప్పుడు పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపిస్తుంది, బస్సు మాత్రం చాలాసేపటికి గానీ కనపడదు. అడవి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి వినిపిస్తోందని చాలాకాలం అనుకున్నాను. సగం నిజమే, మిగతా సగం గాలి చేసే పని. చలికాలం రాత్రి నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, దాని పైన కాస్త వెచ్చటి గాలి ఉంటుంది. వెచ్చటి గాలిలో శబ్దం కొంచెం వేగంగా పోతుంది, అందుకని పైకి పోవాల్సిన శబ్దం కూడా వంగి మళ్లీ నేలవైపుకే వస్తుంది. ఎండెక్కాక అదే మలుపులో అదే బస్సు హారన్ కొట్టినా అంత దూరం వినపడదు.

ఇలాంటివి కారులో పోతే తెలియవు, మోటార్ సైకిల్ మీద పోయినా తెలియవు. సైకిల్ మీద గంటకి ఎనిమిది కిలోమీటర్ల చొప్పున ఎక్కుతుంటే కొండ చేసే ప్రతి పనీ ఒంటికి తగులుతుంది.

ముందు ఎక్కుడు సంగతి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. ఘాట్‌లో మనం ఎక్కేది 800 మీటర్లు అనుకుందాం, మనిషీ సైకిలూ నీళ్ల సీసా అన్నీ కలిపి 80 కిలోలు అనుకుందాం. అంత బరువుని అంత ఎత్తుకి చేర్చడానికి కావాల్సిన శక్తి దాదాపు 150 కిలో క్యాలరీలు. అంతే. వినడానికి చాలా తక్కువ, కానీ మన కండరాలు తిన్నదాంట్లో ఐదో వంతో నాలుగో వంతో మాత్రమే పనిగా మార్చగలవు, మిగతాదంతా వేడైపోతుంది. అందుకని ఒంట్లో ఖర్చయ్యేది 600 నుంచి 750 దాకా ఉంటుంది, అంటే సైజుని బట్టి ఓ పది పన్నెండు ఇడ్లీలు. ఈ లెక్కని మార్చడం ఎవరివల్లా కాదు. వేగంగా ఎక్కినా నెమ్మదిగా ఎక్కినా, మధ్యలో నాలుగుసార్లు ఆగినా కొండకి కట్టాల్సిన అసలు అదే. మన చేతిలో ఉన్నదల్లా దాన్ని ఎన్ని వాయిదాల్లో కడతామన్నదే. ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం గురించి నాకు అర్థమైనదంతా ఈ వాయిదాల సంగతే.

మైదానంలో ఈ గొడవ లేదు. అక్కడ గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మనల్ని వెనక్కి లాగేది ప్రధానంగా గాలే, ఓ కిలో మూడొందల గ్రాముల బరువుతో సమానంగా లాగుతుంది, టైర్ల రాపిడి ఇంకో అర కిలో. అదే మనిషి అదే కష్టంతో నూటికి ఆరు వాలు ఉన్న ఘాట్ ఎక్కితే వేగం ఎనిమిదికి పడిపోతుంది. గాలి దాదాపు మాయమైపోతుంది, వంద గ్రాముల పైచిలుకు అంతే. దాని బదులు 80 కిలోల్లో నూటికి ఆరు వంతులు, అంటే 4.8 కిలోలు, తాడు కట్టి వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. రెండుచోట్లా కాళ్లు పెట్టే శక్తి సుమారు 120 వాట్లే. ఎనిమిది మీద పోతున్నానే అని బాధపడేవాళ్లకి ఈ మాట చెప్పాలనిపిస్తుంది, మీరు 25 మీద పోయినప్పుడు పడ్డ కష్టమే ఇప్పుడూ పడుతున్నారు, మీరేమీ తగ్గలేదు. సైకిల్ బరువు తగ్గించుకోవడానికి వేలకి వేలు పెట్టేవాళ్లకి కూడా ఒక మాట. ఒక కిలో తగ్గితే గంటన్నర దాటే ఈ ఎక్కుడులో కలిసొచ్చేది ఒక్క నిమిషం. ఆ డబ్బుతో చిన్న గేర్లు వేయించుకోవడం మేలు.

ఎందుకంటే వాయిదాని చిన్నది చేసేది గేరే. ఊళ్లలో పాలవాళ్లు తొక్కే పాత నల్ల సైకిల్‌కి ఒక్కటే గేరు, పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ ఐదు మీటర్ల పైన ముందుకి పోతుంది. దాంతో ఈ వాలు ఎక్కాలంటే నిమిషానికి పాతిక చుట్లే తిరుగుతాయి, ఒక్కో తొక్కుకి సగటున 27 కిలోల బరువు పెట్టాలి, పెడల్ కిందికి దిగే సగంలోనే మనం తోస్తాం కాబట్టి గట్టిగా తొక్కే క్షణంలో అది 50 దాటుతుంది. అందుకే ఎంత బలమైనవాడైనా ఓ మలుపు దాకా లేచి నిలబడి తొక్కి, తర్వాత దిగి తోసుకుంటూ పోతాడు. ముందు పళ్లచక్రానికీ వెనక పళ్లచక్రానికీ పళ్లు సమానంగా ఉండే గేరు వేస్తే చుట్టుకి రెండు మీటర్లే ముందుకి పోతాం, నిమిషానికి అరవై చుట్లు తిప్పాలి, కానీ తొక్కుకి పెట్టే బరువు పది పదకొండు కిలోలకి దిగుతుంది. మొత్తం పని ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. అయినా కాలికి తేడా ఎంతో ఉంటుంది, ఎందుకంటే కండరంలో రెండు రకాల పోగులున్నాయి. బరువు తక్కువైతే నిదానంగా, గంటల తరబడి పనిచేసే పోగులతో సరిపోతుంది. బరువు పెరిగితే గబగబా పనిచేసి గబగబా అలిసిపోయే రెండో రకాన్ని కూడా పిలవాల్సి వస్తుంది, అవి కండరంలో దాచుకున్న చక్కెర నిల్వని తొందరగా తినేస్తాయి. ఆ నిల్వ అయిపోయిన రోజున కాళ్లు కొయ్యబారిపోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

గేరు కన్నా ముందు కొండని వాయిదాలుగా విడగొట్టింది రోడ్డే. కొండ వాలు నిలువుగా ఉంటే రోడ్డుని అటూ ఇటూ తిప్పి, దూరం పెంచి, నూటికి ఐదో ఆరో ఎత్తు పెరిగేలా చేశారు. 800 మీటర్లని 13 కిలోమీటర్ల మీద పరిచారన్నమాట. ఆ పరవడం వెనక మనుషుల చేతులున్నాయి. ఈ మన్యంలో రోడ్ల పనికి గిరిజనుల్ని తెచ్చి, గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కాలంలో న్యాయమైన కూలి కూడా ఇవ్వకుండా వెట్టి చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేయడానికి దారితీసిన కోపంలో ఆ రోడ్ల పని కూడా ఒకటి. ఎక్కుడు సాఫీగా ఉన్నచోటల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. నా కాలికి తగ్గిన బరువు అప్పుడు ఎవరో మోశారు.

మలుపుల దగ్గర ఇంకో చిత్రం ఉంది, తొక్కేవాళ్లకి మాత్రమే తెలిసేది. హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు 10 మీటర్ల వ్యాసార్థం, బయటి అంచు 14 మీటర్లు అనుకోండి. అర్ధచక్రం తిరిగేసరికి లోపలివాడు నడిచేది 31 మీటర్లు, బయటివాడు 44. ఇద్దరూ ఎక్కే ఎత్తు ఒకటే, ఓ 2.2 మీటర్లు. అంటే లోపల వాలు నూటికి ఏడు, బయట ఐదు. మనం ఎడమవైపు పోతాం కాబట్టి ఎక్కేటప్పుడు ఎడమకి తిరిగే ప్రతి మలుపూ కాళ్లు పీకుతుంది, కుడికి తిరిగే ప్రతి మలుపూ ఊపిరి తీసుకోనిస్తుంది. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని ఎడమ మలుపులో బయటికి జరగాలనిపిస్తుంది. జరక్కండి. పైనుంచి వచ్చే బస్సుకి మనం కనపడం. మలుపుకి ముందే ఒక గేరు తగ్గించుకుంటే చాలు.

వేడి సంగతి చాలామంది పట్టించుకోరు. 120 వాట్ల పని చేస్తున్నప్పుడు ఒంట్లో 400 వాట్ల దాకా వేడి పుడుతుంది. దాన్ని బయటికి పంపేది చెమట, అది కూడా ఆవిరైతేనే. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది, కారి నేల మీద పడితే ఏమీ పోదు. ఎనిమిది కిలోమీటర్ల వేగానికి గాలి సరిగా ఆడదు, అందుకే పది డిగ్రీల చలిలో కూడా ఘాట్ ఎక్కేవాడి చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కదా అంటారు. వెయ్యి మీటర్ల దగ్గర తగ్గేది పదోవంతు, ఎత్తు వల్ల గాలి ఓ ఐదారు డిగ్రీలు చల్లబడుతుంది. మన ఎండలకి ఆ చల్లదనమే పెద్ద లాభం.

అసలు ప్రమాదం పైకి చేరాక. లంబసింగిలో టీ కొట్టు దగ్గర సైకిల్ ఆనించి కూర్చున్నాను, తడి చొక్కా, ఎదురుగా రోడ్డు కూడా కనపడనంత పొగమంచు. "ఏటి బాబూ, కిందనుంచీ తొక్కుకుంటానే ఒచ్చినావా?" అని టీ కాచే మామ్మ అడిగింది. అవును మామ్మా అన్నాను, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఆమె ఇంకేం మాట్లాడకుండా బజ్జీలు కట్టడానికి పెట్టుకున్న పాత పేపర్లు రెండు తీసి, చొక్కా లోపల గుండెల మీద పెట్టుకోమంది. యూరప్ కొండల్లో పందేలు తొక్కేవాళ్లు దిగేముందు చేసేది కూడా ఇదే. పేపరు ఎదురుగాలిని ఆపుతుంది, దాని వెనక కాస్త గాలి కదలకుండా నిలబడి వెచ్చగా ఉంటుంది. కొంత తడిని కూడా పీలుస్తుంది.

ఎక్కేటప్పుడు వాయిదాల్లో కట్టినదంతా దిగేటప్పుడు ఒకేసారి తిరిగొస్తుంది. బ్రేకు వేయకపోతే ఈ వాలులో వేగం 45 దాటి, గాలి ఆపినచోట ఆగుతుంది. 25 దగ్గర పట్టి ఉంచితే బ్రేకుల్లో 200 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది, పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు రిముల్లో వెలుగుతున్నట్టు, అరగంట పాటు. నేనొకసారి సగం దారిలో ఆగి రిము మీద వేలు పెట్టాను, చర్మం అంటుకుంది, మచ్చ వారం ఉంది. అప్పట్నుంచీ బ్రేకు నొక్కిపట్టి ఉంచను. నేరుగా ఉన్నచోట కాస్త వదిలి, మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి, మలుపులో వదిలేస్తాను. టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు పరిమితం, తిరగడానికీ ఆగడానికీ రెంటికీ అందులోంచే ఖర్చు. 10 మీటర్ల మలుపుని 25 మీద తిరిగితే సైకిల్ 26 డిగ్రీలు వాలాలి, పొడి తారు రోడ్డు ఓర్చుకుంటుంది, మంచుకి తడిసి ఆకులు పడ్డ రోడ్డు ఓర్చుకోదు. 18కి తగ్గిస్తే వాలు 14 డిగ్రీలే.

ఆ రోజు పేపర్లు చొక్కాలో గరగరమంటుంటే పొగమంచులోంచి దిగడం మొదలుపెట్టాను. చేతులు తిమ్మిరెక్కి బ్రేకు లీవరు ఎక్కడుందో తెలియని చలి. అలా కొన్ని మలుపులు దిగానో లేదో, ఉన్నట్టుండి బుగ్గలకి వెచ్చగా తగిలింది. ఎండ ఇంకా రాలేదు. రాత్రంతా కొండల మీద చల్లబడ్డ గాలి నీళ్లలాగా జారి పైన లంబసింగి పల్లంలో ఒకచోటా, కింద మైదానంలో ఒకచోటా నిలిచిపోతే, మధ్య వాలు మీద వెచ్చటి గాలి పట్టీలా మిగిలింది. వెలుగొచ్చాక అక్కడే ఆగి చూస్తే కింద మైదానమంతా తెల్లగా మంచు పరుచుకుని ఉంది, ఆ తెల్లదనం కిందనుంచి ఏదో బస్సు హారన్ వినిపించింది.