అలుగు పొలుసు, పంచనామా, ఇంటర్‌పోల్: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో వన్యప్రాణి నేరాల కేసులు కట్టే తీరుపై అటవీ శాఖ బీట్ అధికారులకు శిక్షణ ఇస్తుంటాను. ప్రతి తరగతిలోనూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: విదేశాలకు పోయే సరుకు పట్టుబడితే ఇక ఇంటర్‌పోల్ చూసుకుంటుంది.

వాస్తవం: ఇంటర్‌పోల్ ఎవరినీ అరెస్టు చేయదు, దేశాల పోలీసుల మధ్య సమాచారం చేరవేస్తుంది, మన వైపు ఆ బాధ్యత సీబీఐది. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ ఒప్పందం కూడా ఏ జీవిని సరిహద్దు దాటించవచ్చో, దేనికి అనుమతిపత్రం కావాలో చెబుతుంది గాని, శిక్ష వేయాల్సింది ఆయా దేశాల చట్టమే. పరాయి దేశపు అధికారి ఫోన్‌లో చెప్పిన కబురు దర్యాప్తుకు దారి చూపవచ్చు. అక్కడి సాక్ష్యం మన కోర్టులో నిలవాలంటే మాత్రం కేంద్ర హోంశాఖ ద్వారా లాంఛనంగా అభ్యర్థన వెళ్లాలి.

అపోహ: అసలు దర్యాప్తు ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో జరుగుతుంది, పలాస దగ్గర బస్సులో దొరికిన సంచికి నాలుగు ముక్కలు పంచనామా రాస్తే చాలు.

వాస్తవం: ఆ నాలుగు ముక్కల దగ్గరే కేసు చెడుతుంది. ఒళ్లంతా పొలుసులుండే అలుగు (పాంగోలిన్) అనే అడవి జంతువు పొలుసుకు చైనా సంప్రదాయ వైద్యంలో గిరాకీ ఉంది. చేతిలోకి తీసుకుంటే మందపాటి గోరులా తగులుతుంది, నిజానికి అది మన గోళ్లలో ఉండే కెరటినే. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సమావేశం ఎనిమిది జాతుల అలుగులనూ సైటీస్ మొదటి అనుబంధంలో, అంటే అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైన జీవుల జాబితాలో, చేర్చింది. తొలినాళ్లలో నేను రాసిన ఒక పంచనామాలో "అలుగు పొలుసులు, ఒక సంచి" అని మాత్రమే ఉంది. లెక్కపెట్టలేదు, తూచలేదు. సీలు వేసిన సంచి ఇదేనని ఎలా చెబుతారని ముద్దాయి తరఫు లాయరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. పైగా చెరువు నిండి నీరు పొర్లే చోటునీ మనం అలుగే అంటాం. ఆ కాగితం మరో దేశానికి చేరితే దానితో ఎవరికేం పని? అందుకే మానిస్ క్రాసికాడేటా అన్న శాస్త్రీయ నామం, బరువు, పొలుసుల సంఖ్య, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో తప్పనిసరి అంటాను. నమూనా హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు పంపితే, డీఎన్ఏ పరీక్షలో జాతి తేలుతుంది. సంచి మోసినవాడి ఫోన్ జప్తు జాబితాలోకి ఎక్కకపోతే కొనేవాడి ఆచూకీ అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: ఆఫ్రికన్ గ్రే చిలుక మన అడవి పక్షి కాదు, కాబట్టి మన చట్టం దాని జోలికి రాదు.

వాస్తవం: 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణతో ఈ చిలుక సహా సైటీస్ జాబితాలోని జీవులు వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. విజయనగరంలో కొన్నా సరే, నమోదు చేయించాల్సిందే; దుకాణం ఇచ్చిన బిల్లు చాలదు.