నీరంటే పడని సెల్లు

చాలాకాలం వాడని టార్చిలైటు మూత విప్పితే, లోపలి సెల్లు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని కనిపిస్తుంది. చాలామంది దాన్ని తుప్పు అనుకుంటారు. ఆల్కలైన్ సెల్లయితే, నిజానికి అది పొటాషియం కార్బొనేట్. సెల్లులోంచి కారిన క్షారం, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అలా గట్టిపడింది. ఆ క్షారాన్ని మోసుకొచ్చింది సెల్లు లోపలి నీరే. నీరే లేని లిథియం సెల్లులో ఈ బెడద చాలా అరుదు.

ఆల్కలైన్ సెల్లులో జింకు పొడి ఒకవైపు, మాంగనీస్ డయాక్సైడ్ మరోవైపు ఉంటాయి. వాటి మధ్య అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, తిరగడానికి నీటిలో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం దారినిస్తుంది. వాడినా వాడకపోయినా జింకు ఆ నీటితో కొద్దికొద్దిగా చర్య జరుపుతూ హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంటుంది. ఒత్తిడి పెరిగి సీలు తెగితే క్షారం బయటపడుతుంది. చౌకగా దొరికే జింక్-కార్బన్ సెల్లుకు జింకు డబ్బాయే గోడ. వాడేకొద్దీ ఆ గోడే అరిగిపోతుంది.

లిథియం సంగతి వేరు. నీరు తాకితే చాలు, ఆ లోహం చర్య జరుపుతుంది. అందుకే లిథియం సెల్లులో నీటికి బదులు సేంద్రియ ద్రావణి, అంటే కార్బన్ సమ్మేళనాలతో కూడిన ద్రవం, పోస్తారు. పెన్సిల్ సెల్లు పరిమాణంలో దొరికే 1.5 వోల్టుల రకంలో లిథియం రేకుకు జతగా ఐరన్ డైసల్ఫైడ్ ఉంటుంది. బంగారంలా మెరిసి మోసం చేసే పైరైట్ ఖనిజం అదే. దీని సుగుణాలు చాలావరకు నీరు లేకపోవడం వల్లే వచ్చాయి. మైనస్ 40 డిగ్రీల చలిలోనూ పనిచేస్తుంది, 20 ఏళ్లు నిల్వ ఉంటుంది, కారడం చాలా అరుదు. లిథియం తేలికైన లోహం కాబట్టి బరువు సుమారు 15 గ్రాములే. ఆల్కలైన్ సెల్లు 23 గ్రాముల దాకా తూగుతుంది. కెమెరా ఫ్లాష్ వంటివి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినా తట్టుకుంటుంది. అలాంటి చోట ఆల్కలైన్ తన సామర్థ్యంలో సగం కూడా ఇవ్వలేదు.

అయినా గోడ గడియారానికి లిథియం దండగే. అది లాగేది అతి తక్కువ కరెంటు, దానికి ఆల్కలైన్ చాలు. పిల్లల బొమ్మలకు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు మేలని నా అభిప్రాయం. వోల్టేజి 1.2 మాత్రమే అయినా వందలసార్లు ఛార్జి చేసుకోవచ్చు. వారానికోసారి లిథియం సెల్లు పారేయడం నాకు మనసొప్పని పని. పైగా లిథియం సెల్లు చివరిదాకా వోల్టేజిని దాదాపు నిలకడగా ఉంచి, హఠాత్తుగా ఆగిపోతుంది. పరికరంలోని బ్యాటరీ గుర్తును నమ్ముకుంటే ముందస్తు హెచ్చరిక అందకపోవచ్చు.

నన్ను నిజంగా భయపెట్టేది 3 వోల్టుల లిథియం బటన్ సెల్లు. పసిపిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడి సెల్లు రెండు ధ్రువాలనూ కలుపుతుంది, కరెంటు పారి క్షారం పుడుతుంది. సెల్లు పగలకపోయినా 2 గంటల్లోనే అక్కడి కణజాలం తీవ్రంగా కాలిపోగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మరలు బిగించిన మూత ఉన్న పరికరాలనే ఇంట్లో ఉంచండి. అయిపోయిన బటన్ సెల్లుకు రెండువైపులా టేపు చుట్టి, పిల్లలకు అందనిచోట పెట్టి, బ్యాటరీలు సేకరించే కేంద్రంలో ఇవ్వండి.