రెక్క అడుగున ఏ రంగుందో చూడండి

రాజహంసల (ఫ్లెమింగోల) కోసం చెన్నైలోని తెలుగువాళ్లం సూళ్లూరుపేట రైలెక్కి పులికాట్ సరస్సుకు పోతుంటాం. వేళచ్చేరి పక్కనున్న పళ్లికరణై చిత్తడినేలకూ అవి వస్తాయి. అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలల రామ్‌సార్ జాబితాకు 2022లో ఎక్కిన చోటు అది. అయితే రాజహంసను ఎవరైనా పోల్చుకుంటారు. ఎప్పుడూ చూడని పిట్టను గుర్తుపట్టడం నేర్పేవి బురద అంచున తిరిగే గోధుమరంగు శాండ్‌పైపర్లే.

ఐరోపా, ఆసియా ఖండాల ఉత్తర ప్రాంతాల్లో పిల్లల్ని లేపి, ఆగస్టు, సెప్టెంబరు నుంచి ఇవి మన వైపు దిగుతాయి. తొలిచూపుకు అన్నీ ఒకటే. కాసేపు నిలబడి చూస్తే విడిపోతాయి. వెనకభాగాన్ని ఆగకుండా కిందకీ పైకీ ఊపేది కామన్ శాండ్‌పైపర్. పొట్ట మీది తెలుపు రెక్క ముందునుంచి భుజం దాకా ఎగబాకి ఉంటుంది. వుడ్ శాండ్‌పైపర్ కాళ్లు పొడవు, పసుపు ఛాయ. కంటిమీది తెల్ల గీత కన్ను దాటి వెనక్కి సాగుతుంది. గ్రీన్ శాండ్‌పైపర్‌కు ఆ గీత కంటి దగ్గరే ఆగిపోతుంది, వీపు ముదురు. ఇంకా అనుమానముంటే ఎగిరినప్పుడు చూడాలి. రెక్క అడుగు నల్లగా ఉంటే గ్రీన్, లేతగా ఉంటే వుడ్.

వీపు రంగును మాత్రం నమ్ముకోకూడదు. ఎండను బట్టి మారుతుంది, ఈకలు అరిగినా మారుతుంది. ఆకారం, నడక అంత తేలిగ్గా మోసం చేయవు.

అందుకే ఫొటో అందం కోసం కాదు, ఆనవాలు కోసం తీయాలంటాను. ముందు దూరం నుంచే పక్కవాటుగా ఒకటి తీసుకుని, తర్వాత కళ్లతో చూడాలి. ఎగిరే పిట్టకు షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు దాకా పెంచుకోవాలి. మధ్యాహ్నం నీటిమీద వేడిగాలి ఆడుతుంటే ఎంత ఖరీదైన లెన్సయినా బొమ్మ చెదురుతుంది, పొద్దున్నే వెళ్లాలి. రెక్క అడుగు కనబడాలని చప్పట్లు కొట్టి లేపడం మాత్రం అన్యాయం. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ప్రాణి అది, దాని మేత దాన్ని తిననివ్వాలి. తనంతట లేచేదాకా ఆగుదాం.

ఈ ఓపిక ఎక్కడిదాకా తీసుకెళ్లగలదో రమణ ఆత్రేయ చూపించారు. ఆయన వృత్తి ఖగోళశాస్త్రం. 1995లో అరుణాచల్‌ప్రదేశ్‌లోని ఈగల్‌నెస్ట్‌లో తనకు అంతుపట్టని పిట్టను చూశారు. అది బుగున్ లియోసిక్లా అనే కొత్త జాతి అని 2006లో లోకానికి తెలిసింది. కనిపించినవి కొద్దే గనక చంపి మ్యూజియంలో పెట్టలేదు. పట్టి, వదిలేసి, రాలిన ఈకలు, ఫొటోలు, కూతల రికార్డింగుల ఆధారంతోనే వర్ణించారు.

మనకు కొత్తదైన ప్రతి పిట్టా శాస్త్రానికి కొత్తది కాదు. అయినా తేదీ, చోటు కలిపి ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే అది పనికొచ్చే సమాచారమే. అరుదైనదైతే స్థానికంగా తెలిసినవాళ్లు పరిశీలించి ఆధారం అడుగుతారు. అప్పుడు మసకగా వచ్చిన ఆ ఎగిరే ఫొటోను కూడా జతచేయండి, రెక్క అడుగు కనిపించేది అందులోనే.