పేరు పక్కన ‘వయా’ ఎలా వచ్చింది?

మెయిల్ గ్రూపుల్లో కొందరి పేరు పక్కన ‘వయా’ అనీ, దాని పక్కన గ్రూపు పేరూ కనిపిస్తుంది. ఆ ముక్క అక్కడికి చేరడానికి కారణం స్పామ్ దొంగలు.

ఈమెయిల్‌ను మోసే ఎస్‌ఎంటీపీ నియమాలు 1982 నాటివి. కవరు మీద ‘ఫ్రమ్’ అడ్రసు ఎవరిది రాసినా పోస్ట్‌మ్యాన్ అడగడు, ఇక్కడా అంతే. మెయిలింగ్ లిస్టులూ (ఒకరి ఉత్తరాన్ని గ్రూపులో అందరికీ పంపే ఏర్పాటు) ఆ అడ్రసునే నమ్మాయి. అది సభ్యుడిదైతే చాలు, ఉత్తరం అందరికీ వెళ్లిపోయేది. కాబట్టి ఒక్క సభ్యుడి ఖాతా చిక్కితే, అతని అడ్రస్‌బుక్‌లో ఉన్న గ్రూపులన్నీ దొంగ చేతికి వచ్చినట్టే. ఎప్పుడూ ఛందస్సు తప్ప మరో ఊసెత్తని పెద్దాయన పేరుతో ఒకరోజు మెయిల్ వస్తుంది. సబ్జెక్టు ఖాళీ, లోపల ఒకే లింకు, నొక్కితే బరువు తగ్గించే మాత్రలు. మర్నాడు పాపం ఆయనే, ‘అయ్యా, అది నేను పంపలేదు’ అని సంజాయిషీ.

2009 అక్టోబరులో వేల హాట్‌మెయిల్ పాస్‌వర్డ్‌లు నెట్‌లో బయటపడ్డాయి. 2013 జనవరికి పాస్‌వర్డ్‌తో కూడా పని లేకపోయింది. యాహూ డెవలపర్ల బ్లాగులో ఉన్న లోపం ఆసరాగా, లింకు నొక్కినవాళ్ల లాగిన్ కుకీనే (మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా బ్రౌజర్ దాచుకునే గుర్తు) లాగేసి ఖాతాలోకి దూరారు. అడ్రస్‌బుక్ ఒకసారి చేతికొస్తే ఆ తర్వాత ఖాతా కూడా అక్కర్లేదు. ఎక్కడినుంచో పంపుతూ ఫ్రమ్‌లో ఆ పేరు పెడితే సరిపోతుంది.

విసిగిపోయిన యాహూ 2014 ఏప్రిల్‌లో డీమార్క్ నియమాన్ని బిగించింది: మా అడ్రసుతో వచ్చే ఉత్తరం మా సర్వర్ నుంచి రాకపోగా, మా డిజిటల్ సంతకం కూడా చెక్కుచెదరకుండా లేకపోతే, తిప్పికొట్టండి. అదే నెలలో ఏఓఎల్ కూడా ఆ దారే పట్టింది. కానీ లిస్టులు చేసేదే ఆ పని కదా! ఉత్తరాన్ని తమ సర్వర్ నుంచి మళ్లీ పంపుతాయి; సబ్జెక్టుకు గ్రూపు పేరు, అడుగున రెండు లైన్లు తగిలిస్తాయి. సంతకం చెదిరిపోతుంది.

తమాషా ఏమిటంటే, దెబ్బ పడింది రాసినవాళ్ల మీద కాదు. యాహూ సభ్యుడు రాసిన ఉత్తరాన్ని జీమెయిల్ తిప్పికొడితే, లిస్టు సాఫ్ట్‌వేర్ ఆ జీమెయిల్ సభ్యుడి అడ్రసే చెడిందనుకుంది. అలా నాలుగైదుసార్లు జరిగేసరికి అతనికి మెయిళ్లు ఆపేసింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ లిస్టులకూ ఈ తిప్పలు తప్పలేదు. మరి నిజంగా హైజాక్ అయిన ఖాతా నుంచే వచ్చే స్పామ్? అది అసలు సర్వర్ నుంచి, అసలు సంతకంతోనే బయల్దేరుతుంది. డీమార్క్ దాన్ని ఆపదు.

లిస్టులు నడిపేవాళ్లు చివరికి ఫ్రమ్‌లో తమ అడ్రసే పెట్టి, రాసినవారి పేరుకు ‘వయా’ తగిలించారు. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడింది. ‘వయా’ మాత్రం గూగుల్ గ్రూప్స్‌లో ఇంకా కనిపిస్తూనే ఉంది.